సింఫనీలో సర్వీసెస్ ఫైల్: ఏం రాయాలి, ఏం రాయకూడదు

పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ అయిన సింఫనీ ప్రాజెక్టులో డిపెండెన్సీ ఇంజెక్షన్ (ఒక క్లాసుకి కావాల్సిన ఆబ్జెక్టులను బయటి నుంచి అందించడం) సెట్టింగులు కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సర్వీసెస్ డాట్ యామల్ ఫైల్లో ఉంటాయి. కొత్త ప్రాజెక్టుకి ఇది సిద్ధంగానే వస్తుంది. పైన ఆటోవైర్ (టైప్ చూసి ఆబ్జెక్టును అందించడం), ఆటోకాన్ఫిగర్ (క్లాస్ రకాన్ని బట్టి సెట్టింగులు పెట్టడం) రెండూ ట్రూ. ఆ కింద 'యాప్\' ఎంట్రీ మన క్లాసులన్నిటినీ సర్వీసులుగా, అంటే సింఫనీ తయారుచేసి అందించే ఆబ్జెక్టులుగా, చేర్చేస్తుంది. ఇక కన్‌స్ట్రక్టర్‌లో టైప్ రాస్తే చాలు, ఈ సర్వీసులను తయారుచేసి ఉంచే కంటెయినరే తెచ్చి ఇస్తుంది. అందుకే ఎక్కువ క్లాసులకు ఇక్కడ ఒక్క లైను కూడా అక్కర్లేదు.

టైప్ చూసి కంటెయినర్ తేల్చుకోలేనివే మనం రాయాలి. ఉదాహరణకు కన్‌స్ట్రక్టర్ ఒక స్ట్రింగ్ అడిగితే 'కెనాట్ ఆటోవైర్' ఎర్రర్ వస్తుంది. అప్పుడు క్లాస్ పూర్తి పేరు, కోలన్. కింది లైన్లో నాలుగు స్పేసులు జరిపి ఆర్గ్యుమెంట్స్. ఇంకో నాలుగు జరిపి, డాలర్ గుర్తుతో పారామీటర్ పేరు, దాని విలువ. ట్యాబ్ మాత్రం కొట్టకండి, యామల్ ఒప్పుకోదు.

విలువలో గుర్తులే ప్రాణం. ముందు @ ఉంటే సర్వీసు, రెండు % గుర్తుల మధ్య ఉంటే పారామీటర్ (కాన్ఫిగ్‌లో పేరు పెట్టి ఉంచిన విలువ), ఏదీ లేకపోతే మామూలు స్ట్రింగ్. @ మర్చిపోతే ఆబ్జెక్ట్ వెళ్లాల్సిన చోటికి దాని పేరు స్ట్రింగ్‌గా వెళ్తుంది. ఈ రెండు గుర్తులతో మొదలయ్యే విలువకు కోట్స్ తప్పనిసరి. విలువే నిజంగా @ తో మొదలైతే @@ అని, మధ్యలో % ఉంటే %% అని రాయాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (కోడ్ బయట, సర్వర్‌లో పెట్టే విలువలు) స్ట్రింగులుగానే వస్తాయి. అంకె కావాలంటే '%ఎన్వ్(ఇంట్:పోర్ట్)%' పద్ధతిలో ఇంట్ చేర్చండి.

మన ఎంట్రీలు 'యాప్\' ఎంట్రీకి కిందే ఉండాలి. ఒకే సర్వీసుకి రెండు నిర్వచనాలుంటే చివరిదే నిలుస్తుంది. పైన రాస్తే మన ఆర్గ్యుమెంట్లు తుడిచిపెట్టుకుపోతాయి, ఫైల్లో మాత్రం అంతా సరిగ్గానే కనిపిస్తుంది!

ఇంటర్‌ఫేస్‌ల దగ్గర ఇంకో చిక్కు. సందేశాలు పంపేందుకు ఒక ఇంటర్‌ఫేస్ (క్లాసులు పాటించాల్సిన మెథడ్ల ఒప్పందం) ఉందనుకోండి. దాన్ని పాటించేది ఎస్ఎంఎస్ పంపే క్లాస్ ఒక్కటే ఉన్నంతకాలం సింఫనీ దాన్నే ఇంటర్‌ఫేస్‌కి కట్టేస్తుంది. ఈమెయిల్ కోసం రెండో క్లాస్ చేర్చగానే ఆ ముడి ఊడిపోయి, నిన్నటిదాకా నడిచిన కోడ్ ఆగిపోతుంది. అప్పుడు ఇంటర్‌ఫేస్ పూర్తి పేరును ఎంట్రీగా రాసి, ఎదురుగా '@యాప్\ఎస్ఎంఎస్‌సెండర్' అని ఇవ్వాలి. ఈమెయిల్ కావాల్సిన క్లాసుకి విడిగా ఆర్గ్యుమెంట్ రాస్తే సరి.

కోడ్ సర్వర్‌కి ఎక్కించే ముందు కన్సోల్‌లో లింట్:కంటెయినర్ నడపండి. స్ట్రింగ్‌గా వెళ్లిపోయిన సర్వీసు పేరు అక్కడే పట్టుబడుతుంది.