వేసవి ప్రకృతి శిబిరంలో శిక్షకుడిగా ఉద్యోగం సంపాదించడం ఎలా?

వేసవి సెలవుల్లో పిల్లలకు అడవినీ, చెరువునూ, గడ్డిమైదానాన్నీ దగ్గరగా చూపించే శిబిరాలకు ప్రతి ఏడూ కొత్త శిక్షకులు అవసరమవుతారు. రెండు మూడు నెలలు మాత్రమే సాగే ఈ ఉద్యోగానికి జీవశాస్త్రం చదివినవారూ, కొండలెక్కడం అలవాటున్నవారూ, పిల్లలంటే ఇష్టం ఉన్నవారూ దరఖాస్తు చేస్తూనే ఉంటారు. మొదట అభ్యర్థిగా, ఆ తరువాత ఎంపిక చేసేవారిలో ఒకరిగా చాలా వేసవులు గడిపిన అనుభవంతో చెబుతున్నాను. వీరిలో ఎక్కువమంది దరఖాస్తు దగ్గర కాదు, పిల్లల ముందు నిలబడి చెప్పవలసిన పదిహేను నిమిషాల డెమో పాఠం దగ్గర అవకాశం పోగొట్టుకుంటున్నారు. అందుచేత మిగిలిన దశలను క్లుప్తంగా ముగించి, ఆ పాఠం గురించే వివరంగా రాస్తాను.

మొదటి దశ: శిబిరాన్ని ఎంచుకోవడం

వేసవి మొదలవడానికి నాలుగైదు నెలల ముందే వెతకడం ప్రారంభించండి. శిబిరాలు ప్రధానంగా రెండు రకాలు: పిల్లలు సాయంత్రానికి ఇళ్ళకు వెళ్ళిపోయేవి, రాత్రులు అక్కడే బస చేసేవి. రెండో రకంలో పని పాఠంతో ముగియదు. అర్ధరాత్రి ఇల్లు గుర్తొచ్చి ఏడ్చే పిల్లవాణ్ణి ఓదార్చడం కూడా మీ పనే. అది మీకు సరిపడదనిపిస్తే మొదటి రకానికే దరఖాస్తు చేయండి.

ఒక శిక్షకుడికి ఎంతమంది పిల్లలను అప్పగిస్తారో తప్పక అడగండి. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం 6 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు రాత్రి బస ఉన్న చోట ఆరుగురికి ఒకరు, పగటి శిబిరంలో ఎనిమిది మందికి ఒకరు ఉండాలి. 9 నుంచి 14 ఏళ్ళవారికి ఆ సంఖ్యలు ఎనిమిది, పది. మీరు ఏ దేశంలో పనిచేసినా ఈ లెక్కను మనసులో పెట్టుకోవడం మంచిది. ఇరవై మందిని ఒక్కరికి అప్పగించే శిబిరంలో చేరకండి.

రెండో దశ: దరఖాస్తు, ధ్రువపత్రాలు

దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. "నాకు ప్రకృతి అంటే ప్రాణం" అనే వాక్యం అందరూ రాస్తారు కాబట్టి మీరు రాయనక్కరలేదు. ఎంత వయసు పిల్లలతో, ఎంతమందితో, ఎన్ని గంటలు, ఏ పని చేశారో రాయండి. మీ గురించి చెప్పడానికి ఇద్దరి పేర్లు ఇవ్వమంటే, మీరు పిల్లలతో మెలగడం కళ్ళారా చూసినవారి పేర్లే ఇవ్వాలి. పేరున్న ప్రొఫెసర్ రాసిన పొగడ్తకంటే పక్కింటి పిల్లల తల్లి చెప్పే నాలుగు మాటలు ఇక్కడ ఎక్కువ పనికొస్తాయి.

ప్రథమ చికిత్స ధ్రువపత్రం ఉండాలి. వీలైతే సాధారణ శిక్షణకు బదులు, ఆసుపత్రికి దూరంగా ఉండే ప్రదేశాల కోసం రూపొందించిన శిక్షణ తీసుకోండి. సాధారణంగా అది 16 గంటల పాటు, అంటే రెండు రోజులు ఉంటుంది. అంబులెన్సు కొద్ది నిమిషాల్లో రాదనుకుని నేర్పే శిక్షణ అది. శిబిరంలో మీ పరిస్థితి కూడా అదే. మీ గతం గురించి పోలీసు విచారణ పత్రం అడిగితే నొచ్చుకోకండి. అది అడగని శిబిరాన్నే అనుమానించాలి.

మూడో దశ: డెమో పాఠం

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. నిర్వాహకులు మిమ్మల్ని పదిమంది పిల్లల ముందు, లేదా పిల్లలుగా నటించే పెద్దల ముందు నిలబెట్టి, పది పదిహేను నిమిషాలు ఏదైనా నేర్పమంటారు. అభ్యర్థి తనకు తెలిసినదంతా ఆ కొద్ది సమయంలో కుమ్మరించాలని చూస్తాడు. చెట్టు పేరు, దాని శాస్త్రీయ నామం, దాని ఉపయోగాలు, అడవుల నరికివేత, వాతావరణ మార్పు అన్నీ చెప్పేస్తాడు. మూడో నిమిషానికల్లా పిల్లలు కాళ్ళతో మట్టి గీకడం మొదలుపెడతారు. అది అతనికి కనిపించదు కానీ, ఎంపిక చేసేవారు చూసేది ఆ కాళ్ళనే.

పాఠం ఎక్కడ జరుగుతుందో అడిగి తెలుసుకుని, ముందు రోజు అదే వేళకు అక్కడికి వెళ్ళండి. ఉదయం వెళ్ళి చూసి మధ్యాహ్నం పాఠం చెబితే నీడ ఉండవలసిన చోట ఎండ ఉంటుంది. ఎండ మీ ముఖాన పడాలి, పిల్లల ముఖాన పడకూడదు. కళ్ళు చికిలించుకునే పిల్లలు ఏమీ చూడలేరు.

పాఠానికి ఒకే ఒక్క వస్తువును ఎంచుకోండి. రెండు కూడా వద్దు. అది పిల్లల చేతికి అందేదిగా, వారిని భయపెట్టనిదిగా, దాని మీదే ఆధారాలు కనిపించేదిగా ఉండాలి. నేను ఎప్పుడూ ఎంచుకునేది ఆకు మీద ముగ్గు గీసినట్టు మెలికలు తిరిగే తెల్లటి గీత. చాలా మొక్కల ఆకుల మీద ఇది కనిపిస్తుంది. ఆకు పై పొరకూ అడుగు పొరకూ మధ్య ఉన్న పచ్చటి భాగాన్ని ఒక చిన్న పురుగు తింటూ ముందుకు సాగితే ఏర్పడే సొరంగం అది. చిమ్మెటలు, ఈగలు, పెంకు పురుగులు వంటి వేర్వేరు వర్గాల్లో ఇలా బతికే లార్వాలు ఉన్నాయి.

అలాంటి ఆకునొకదాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. గీత ఒక చివర దారమంత సన్నగా ఉంటుంది. మెలికలు తిరుగుతూ పోయేకొద్దీ వెడల్పవుతుంది, ఎందుకంటే తింటున్న పురుగు పెరుగుతోంది. చాలా సొరంగాల మధ్యలో నల్లటి చుక్కల వరుస కనిపిస్తుంది, అది పురుగు విసర్జించిన మలం. వెడల్పాటి చివర చిన్న చీలిక ఉంటే పురుగు బయటికి వెళ్ళిపోయినట్టు. చీలిక లేకపోతే అది ఇంకా లోపలే ఉండవచ్చు, అదృష్టం బాగుంటే కదులుతూ కనిపిస్తుంది కూడా. కాగితమంత పలుచటి ఆకు లోపల ఒక జీవి బాల్యమంతా మొదటి నుంచి చివరి దాకా రాసిపెట్టి ఉంటుంది. ఇదంతా మీకు ముందే తెలిసి ఉండాలి. కానీ ఇందులో ఒక్క ముక్క కూడా మీరు ముందుగా చెప్పకూడదు.

మొదటి నిమిషంలో హద్దులు చెప్పండి: "ఈ బండ నుంచి ఆ చెట్టు వరకు మనది. నేను ఈల వేస్తే అందరూ నా దగ్గరికి రావాలి." వేలితో చూపించగలిగినదే హద్దు. "మరీ దూరం వెళ్ళకండి" అనేది హద్దు కాదు. పిల్లలను లెక్కపెట్టండి. ఆ తరువాత మోకాళ్ళ మీద కూర్చోండి. నిలబడి పాఠం చెప్పే శిక్షకుణ్ణి నేను ఎంపిక చేయను, ఎందుకంటే పిల్లలు ఆకును కాక అతని ముఖాన్ని చూస్తారు. ఆకులను తెంపకండి, మొక్క మీదే చూపించండి, లేదా కింద రాలినవి ఏరండి. మీరు ఒకటి తెంపితే పదిమంది పది తెంపుతారు.

ఇప్పుడు ప్రశ్నలు. వాటికి ఒక వరుస ఉంది, ఆ వరుస తప్పకూడదు. మొదటిది: "ఏం కనిపిస్తోంది?" దీనికి తప్పు జవాబు ఉండదు కాబట్టి భయస్థుడైన పిల్లవాడు కూడా నోరు విప్పుతాడు. రెండోది: "ఈ గీత ఎక్కడ మొదలై ఉంటుంది?" పిల్లలు రెండు పక్షాలుగా చీలిపోతారు. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: "ఎలా చెప్పగలవు?" సన్నటి చివరే మొదలని ఆధారంతో సహా ఎవరో ఒకరు చెబుతారు. "ఇదేమిటో ఎవరికైనా తెలుసా?" అన్న ప్రశ్న మాత్రం ఎన్నడూ వేయకండి. తెలిసిన ఒక్కడు చెప్పేస్తాడు, తెలియని తొమ్మిది మందికి ఆ పూట పాఠం అయిపోతుంది.

ప్రశ్న వేశాక ఆగండి. దాదాపు అందరూ విఫలమయ్యేది ఇక్కడే. 1970వ దశకంలో అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో సైన్సు తరగతుల రికార్డింగులను పరిశీలించినప్పుడు, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ విరామాన్ని 3 సెకన్లు, అంతకంటే ఎక్కువకు పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకు మాట్లాడనివారు కూడా మాట్లాడారు. బయట, గాలిలో, పక్షుల సద్దు మధ్య నేను 7 సెకన్లు ఆగమంటాను. మనసులో లెక్కపెట్టుకోండి. నాలుగో సెకనులో మీ గొంతు దాకా మాట వస్తుంది, పాఠం చేజారిపోతోందనిపిస్తుంది. అప్పుడు చూపు పిల్లల మీద కాకుండా ఆకు మీద నిలపండి. మీరు చూస్తూ ఉంటే వాళ్ళూ చూస్తారు. ఒకసారి ఒక అభ్యర్థిని చక్కటి ప్రశ్న వేసి, ఎవరూ పలకకపోయేసరికి వెంటనే తానే జవాబు చెప్పేసింది. సరిగ్గా అదే క్షణంలో వెనక వరుసలో ఉన్న ఒక చిన్నపిల్ల చెయ్యి సగం పైకి లేచి, మళ్ళీ కిందికి దిగిపోయింది. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

జవాబు రాగానే "శభాష్" అనడం కూడా మానుకోండి. శభాష్ అంటే ఇక ఆలోచించనక్కరలేదని మిగిలినవారికి చెప్పడమే. "ఇంకెవరికైనా వేరేలా అనిపిస్తోందా?" అని అడగండి. మీకు తెలియనిది పిల్లలు అడిగితే తెలియదని చెప్పి, "ఎలా కనుక్కోవచ్చు?" అని వారినే అడగండి. ఎంపిక చేసేవారు కావాలనే అలాంటి ప్రశ్న ఒకటి వేయిస్తారు. కల్పించి చెప్పేవారిని అక్కడితో పక్కన పెడతారు.

పేరు చివర చెప్పండి. కొందరు శిక్షకులు నడుస్తూ ప్రతి చెట్టుకూ ప్రతి పిట్టకూ పేరు చెబుతూ పోతారు, పిల్లలు పుస్తకంలో రాసుకుంటారు. ఈ పద్ధతిని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. పేరు దొరికిన క్షణంలో పిల్లవాడు ఆ వస్తువు వైపు చూడడం ఆపేస్తాడు. ఫోనులో ఫొటో తీసి మొక్క పేరు చెప్పించే యాప్‌లు ఇంకా త్వరగా ఆ పని చేస్తాయి కాబట్టి పిల్లల ముందు వాటిని తెరవకండి. పాఠమంతా ఆటలతో నింపేసేవారు మరికొందరు ఉన్నారు. నవ్వులకు కొరత ఉండదు కానీ, ఆ ఆటలు గది లోపల కూడా ఆడుకోవచ్చు. ఎదురుగా ఉన్న ఆకును పది నిమిషాలు చూసిన పిల్లవాడు మర్నాడు తనంతట తానే మరో గీతను వెతుక్కుంటాడు.

పాఠం మధ్యలో తూనీగ వచ్చి పక్కన వాలితే, అందరూ అటు తిరిగితే, మీరూ తిరగండి. అర నిమిషం చూసి, మళ్ళీ ఆకు దగ్గరికి రండి. దాన్ని పట్టించుకోకుండా గొంతు పెంచి పాఠం కొనసాగించడం పెద్ద తప్పు.

నాలుగో దశ: ఇంటర్వ్యూ

భద్రత గురించి అడుగుతారు, జవాబులు సూటిగా ఉండాలి. ఉరుము వినిపించిందంటే పిడుగు పడగలిగినంత దగ్గరలో ఉన్నట్టే. పిల్లలను వెంటనే పక్కా భవనంలోకో, పైకప్పు ఉన్న లోహపు వాహనంలోకో చేర్చాలి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు బయటికి రాకూడదు, ఒంటరి చెట్టు కింద ఎన్నడూ నిలబడకూడదు. వడదెబ్బలో శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, పిల్లవాడు తికమకగా మాట్లాడతాడు. సాయం కోసం కబురు పంపుతూనే ముందు నీళ్ళతో చల్లబరచాలి, తరువాతే తరలించాలి. ఏ పిల్లవాడితోనూ ఎవరికీ కనిపించని చోట ఒంటరిగా ఉండకూడదన్న నియమాన్ని వారు అడగకముందే మీరు ప్రస్తావించండి.

అయిదో దశ: చేరడం

జీతం, వారంలో సెలవు రోజు, రాత్రి కాపలా వంతులు, బస, బీమా ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. బూట్లు కొత్తవైతే రెండు వారాల ముందే తొడిగి అలవాటు చేసుకోండి. ఈల, అంచున్న టోపీ, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, గీతలు లేని నోటుపుస్తకం, రెండు పెన్సిళ్ళు సర్దుకోండి. పెన్ను వద్దు. తడిసిన కాగితం మీద పెన్సిలే రాస్తుంది. భూతద్దానికి దారం కట్టి మెడలో వేసుకోండి, సంచిలో ఉన్న భూతద్దం అవసరమైనప్పుడు చేతికి రాదు.