ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌కి వచ్చారా? దయ్యాల కథలు, పెరటి పిట్టలు

కొత్తగా వచ్చినవాళ్లకి బ్యాంకు ఖాతా గురించి, జీపీ (మన పేటలోని డాక్టరు) దగ్గర రిజిస్ట్రేషన్ గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. ఫిబ్రవరి సాయంత్రాల సంగతి ఎవరూ చెప్పరు. నెల మొదట్లో లండన్‌లో ఐదు కొట్టకముందే పొద్దు గుంకుతుంది. అప్పట్నుంచి పడుకునేదాకా ఫోన్‌లో మన సీరియళ్లే చూస్తూ కూర్చుంటే ఇంటి మీద బెంగ పెరుగుతుందే తప్ప తగ్గదు.

ముందు లైబ్రరీ కార్డు తీసుకోండి, కౌన్సిల్ లైబ్రరీల్లో ఉచితమే. ఈ దేశంలో చలికాలం అంటే దయ్యాల కథల కాలం. ఎం.ఆర్. జేమ్స్‌తో మొదలుపెట్టమంటాను. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ పండితుడాయన. క్రిస్మస్‌కి మిత్రులను కూర్చోబెట్టుకుని తను రాసిన కథలు చదివి వినిపించేవాడు. తొలి సంపుటి 1904లో వచ్చింది. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి నెట్‌లోనూ ఊరికే దొరుకుతుంది. పాతకాలపు ఇంగ్లీషు, మొదటి రెండు పేజీలు ఓపిక పట్టాలి. ఇక్కడి దయ్యాలు చాలావరకు మన దయ్యాల్లా ఒంట్లోకి దూరి ఊగిపోవు. తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాస్తే వెనక్కి పోయే రకమూ కాదు. ఓ మూల ఊరికే నిలబడి ఉంటాయి. నాకైతే అదే ఎక్కువ భయం.

కథ ముగించి లైటు తీశాక ఇల్లు టక్ టక్ మంటుంది. హీటింగ్ ఆగి పైపులూ చెక్కనేలా చల్లబడుతుంటే వచ్చే చప్పుడది. బయట ఎవరో ఆడమనిషి గొంతు చించుకుని అరిచినట్టుంటే కంగారుపడి పోలీసులకి 999 కొట్టేముందు ఒక్క నిమిషం వినండి. మాటల్లేకుండా ఆగి ఆగి అదే కేక వస్తుంటే అది నక్క. చలికాలం వాటికి జతకట్టే కాలం. ‘కీవిక్’ అని ఒకటి, ‘హూ’ అని ఇంకొకటి బదులు పలికితే గుడ్లగూబలు. మన ఊళ్లో గుడ్లగూబ ఇంటి మీద వాలితే శాంతి చేయిస్తారు, ఇక్కడ ఫొటోలు తీసుకుంటారు. అర్ధరాత్రి వీధిదీపం దగ్గర తియ్యగా పాడేది మాత్రం తరచూ రాబిన్ పిట్టే.

తెల్లారాక దాన్ని దగ్గరగా చూడొచ్చు. పెరట్లో మట్టి తవ్వుతుంటే పురుగుల కోసం గునపం పక్కనే వాలుతుంది, ఛాతీ నారింజ రంగు. నల్లటి ఒళ్లు, పసుపు ముక్కు ఉంటే మగ బ్లాక్‌బర్డ్. ఆడదేమో గోధుమ రంగు, పేరుకే బ్లాక్. పక్కింటివాళ్లకి చిన్న నీటిగుంట ఉంటే నెలాఖరుకి అడిగి చూడండి. కప్పగుడ్లు ఉడికిన సగ్గుబియ్యంలా ముద్దగా తేలుతుంటాయి, ఒక్కో గింజలో ఒక నల్లచుక్క.

పిట్టలకి మిగిలిన పులిహోర, కారప్పూస వేయకండి, ఉప్పు వాటికి పడదు. ఉప్పు లేని అన్నం కొంచెం పర్లేదు కానీ చీకటిపడేలోగా మిగిలింది ఎత్తేయాలి, లేదంటే ఎలుకలొస్తాయి, ఆపైన పక్కింటివాళ్లొస్తారు. పొట్టు తీసిన పొద్దుతిరుగుడు గింజలు మేలు. గింజలు పోసి వేలాడదీసే ఫీడరుని వారానికోసారి కడగండి, మురికి ఫీడర్ల వల్లే జబ్బులు పాకుతాయి. గడ్డకట్టే రోజుల్లో పిట్టలు తాగే పళ్లెంలో నీళ్లు మార్చండి.

పెరటి కంచె పొద కత్తిరించాలంటే ఈ నెలలోనే కానివ్వండి. మార్చి నుంచి గూళ్లు మొదలవుతాయి. పక్షి వాడుతున్న గూడుని కావాలని పాడుచేస్తే 1981 నాటి చట్టం ప్రకారం నేరం. అద్దె ఇల్లయితే కత్తెర పట్టేముందు ఓనరుకి ఒక మెసేజ్ పెట్టండి.