సూపర్‌మార్కెట్ ఇంటర్వ్యూకి ముందు రోజు ఒక అరగంట

సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ ఉద్యోగానికి ఫైలు నిండా సర్టిఫికెట్లతో వెళ్తాం. తీరా చిల్లర లెక్క అడిగేసరికి టెన్షన్‌తో నోరు పెగలదు.

ముందు రోజు అదే షాపుకి వెళ్లి పావుకిలో లూజు కందిపప్పు కొనండి. ఆ బిల్లుతోనే ఇంట్లో సాధన మొదలుపెట్టండి. కిలో 148 రూపాయలైతే సగం 74, అందులో సగం 37. పావుకిలో ధర అదే. చిల్లరకి తీసివేత వద్దు, బిల్లు మొత్తం నుంచి పైకి కలుపుకుంటూ వెళ్లండి. బిల్లు 367, కస్టమర్ ఇచ్చింది 500 అనుకోండి. 3 కలిపితే 370, 30 కలిపితే 400, ఇంకో 100. మొత్తం 133. నాలుగైదు పాత బిల్లులు తీసి గట్టిగా చెబుతూ చేస్తే నోటికి వచ్చేస్తుంది.

షాపులో ఉన్నప్పుడే పాలు, పెరుగు, బ్రెడ్ అరలు కూడా చూడండి. గడువు దగ్గరపడ్డవి ముందు, కొత్తవి వెనక ఉంటాయి. "సరుకు ఎలా సర్దుతారు?" అంటే చూసింది చూసినట్టు చెప్పొచ్చు. నాకైతే ఇదే ఎక్కువ ధైర్యం ఇస్తుందనిపిస్తుంది.

గోడౌన్ పనికైతే మాత్రం ఈ లెక్కలు అంతగా అక్కరకు రావు. అక్కడ బస్తాలు ఎత్తగలరా, నైట్ షిఫ్టుకి వస్తారా అనే అడుగుతారు.