లినక్స్ కంప్యూటర్‌కు స్వాప్ ఎంత కేటాయించాలి?

లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డేటాను ఉంచడానికి డిస్క్‌లో కేటాయించే చోటు) పరిమాణం దగ్గరకు రాగానే చాలామంది ఆగిపోతారు. "ర్యామ్‌కు రెండింతలు" అన్న పాత లెక్క ఇప్పటికీ చెలామణిలో ఉంది. 2001లో వచ్చిన 2.4 కెర్నల్ (లినక్స్‌లో ర్యామ్, డిస్క్ వంటివాటిని నడిపే మూల ప్రోగ్రాము) తొలి విడుదలలకు అది నిజంగానే అవసరమైంది కానీ, 16 జీబీ, 32 జీబీ ర్యామ్ ఉన్న నేటి యంత్రాలకు అదే లెక్క వేస్తే డిస్క్‌లో చోటు వృథా అవుతుంది. ర్యామ్ ఎంత ఉందన్నదానితో పాటు, ఆ యంత్రంతో మీరు ఏ పని చేస్తారు, దానిని హైబర్నేట్ (తెరిచిన పనిని డిస్క్‌లో దాచి యంత్రాన్ని పూర్తిగా ఆపడం) చేస్తారా లేదా అన్నవి కూడా చూడాలి. 8 జీబీ ర్యామ్‌తో, లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు నడుస్తున్న ల్యాప్‌టాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

మొదట, మీ పని ఎంత మెమరీ కోరుతుందో కొలవండి. పని ఎక్కువగా ఉండే రోజున మీరు తెరిచే బ్రౌజర్ ట్యాబులు, ఆఫీసు ఫైళ్లు, వర్చువల్ మెషీన్ ఉంటే అది కూడా ఒకేసారి తెరిచి, టెర్మినల్‌లో 'ఫ్రీ' కమాండ్‌ను 'హెచ్' ఆప్షన్‌తో నడపండి. అందులో 'ఫ్రీ' అన్న నిలువు వరుసలో అంకె తక్కువగా కనిపించినా కంగారు పడనవసరం లేదు. వాడకంలో లేని ర్యామ్‌ను కెర్నల్ ఫైళ్ల క్యాష్‌కు (మళ్లీ త్వరగా అందేలా ఉంచుకునే ప్రతులకు) వాడుకుని, అవసరమైనప్పుడు వదిలేస్తుంది. చూడవలసింది 'అవైలబుల్' నిలువు వరుస. అక్కడ ఒకటి రెండు జీబీలు మిగులుతూ ఉంటే స్వాప్ 4 జీబీ ఉంటే సరిపోతుంది. అప్పటికే స్వాప్‌లోకి మూడు నాలుగు జీబీలు చేరి, యంత్రం నత్తనడక నడుస్తుంటే, కొరత ర్యామ్‌దే. ఎంత వేగవంతమైన ఎస్ఎస్‌డీ అయినా ర్యామ్‌కు సాటి రాదు.

ర్యామ్ సరిపోతున్నప్పుడు అసలు స్వాప్ ఎందుకన్న ప్రశ్న సహజమే. ప్రోగ్రాములు పనిలో సృష్టించుకున్న డేటాకు డిస్క్‌లో మూలప్రతి ఉండదు కనుక, స్వాప్ లేకపోతే గంటల తరబడి ఎవరూ ముట్టని డేటా కూడా ర్యామ్‌లోనే తిష్ఠ వేస్తుంది. కెర్నల్ దానికి బదులు క్యాష్‌ను ఖాళీ చేసుకుంటూ పోయి, చివరకు ఏదో ఒక ప్రోగ్రామును బలవంతంగా ఆపేస్తుంది. అందువల్ల స్వాప్‌ను పూర్తిగా తీసివేయమని నేను సలహా ఇవ్వను.

తరువాత హైబర్నేషన్ సంగతి తేల్చుకోండి. మూత వేసినప్పుడు జరిగే సస్పెండ్‌కు స్వాప్ అక్కరలేదు, ఎందుకంటే ర్యామ్‌కు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. హైబర్నేట్ చేస్తే మాత్రం ర్యామ్‌లోని డేటా స్వాప్‌లోకి వెళ్తుంది. కెర్నల్ దానిని కుదించి రాసే ప్రయత్నం చేసినా, ఎంత కుదురుతుందన్న హామీ లేదు. కాబట్టి ర్యామ్ మొత్తానికి, మామూలుగా వాడే స్వాప్‌ను కలిపి, మన ఉదాహరణలో 12 జీబీ ఉంచడం క్షేమం. ఉబుంటులో హైబర్నేషన్ సాధారణంగా ఆన్ చేసి ఉండదు. వాడని సౌకర్యానికి చోటు కేటాయించకండి. మరో లినక్స్ రకమైన ఫెడోరాలో 33వ వెర్షన్ నుంచి సాధారణంగా ఉండే జెడ్‌ర్యామ్ పద్ధతిలో స్వాప్ ర్యామ్‌లోనే కుదించిన రూపంలో ఉంటుంది కనుక దానిలోకి హైబర్నేట్ చేయడం కుదరదు.

పరిమాణం తేలిన తరువాత స్వాప్‌ను ఫైలుగా సృష్టించండి. ఉబుంటు 17.04 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో సాధారణంగా ఇదే పద్ధతి, కాబట్టి లెక్క తప్పినా డిస్క్ విభజన జోలికి పోకుండా మార్చుకోవచ్చు. పాత స్వాప్ ఫైలు ఉంటే 'స్వాప్ఆఫ్'తో ఆపండి; అయితే అందులోని డేటా తిరిగి ర్యామ్‌లోకి రావాలి గనుక ముందు బరువైన ప్రోగ్రాములు మూసివేయాలి. 'డీడీ'తో కావలసిన పరిమాణంలో ఫైలు తయారుచేసి, రూట్ (యంత్రంపై పూర్తి అధికారం ఉన్న ఖాతా) తప్ప ఇతరులు చదవకుండా అనుమతిని 600కు మార్చి, 'ఎంకేస్వాప్', 'స్వాప్ఆన్' వరుసగా నడపండి. మళ్లీ బూట్ అయినప్పుడు కూడా అది పనిచేయాలంటే 'ఎఫ్ఎస్‌ట్యాబ్' ఫైలులో దానికి ఒక పంక్తి ఉండాలి. డిస్క్‌కు బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ వాడేవారు స్వాప్ ఫైలుకు కాపీ-ఆన్-రైట్‌ను (మార్పును పాత చోట కాక కొత్త చోట రాసే పద్ధతిని) ముందే ఆపాలి.

కొన్ని రోజులు వాడాక, పని ఎక్కువగా ఉన్న సమయంలో ఐదు సెకన్లకు ఒక పంక్తి చూపే 'వీఎంస్టాట్ 5' నడిపి, 'ఎస్ఐ' (స్వాప్ నుంచి ర్యామ్‌లోకి వచ్చేది), 'ఎస్ఓ' (ర్యామ్ నుంచి స్వాప్‌లోకి వెళ్లేది) నిలువు వరుసలను గమనించండి. మొదటి పంక్తి బూట్ అయినప్పటి నుంచి ఉన్న సగటు కనుక దానిని వదిలేయండి. స్వాప్‌లో డేటా ఉన్నా ఈ రెండు అంకెలు దాదాపు సున్నా దగ్గరే ఉంటే మార్చవలసినది ఏమీ లేదు. అవి ఆగకుండా పెద్దవిగా వస్తుంటే, స్వాప్ పెంచినా వేగం రాదు. తెరిచే ప్రోగ్రాములను తగ్గించాలి, లేదా ర్యామ్ కొనాలి.