కొత్త కెమెరాతో మొదటి అడుగులు – 3వ పాఠం: షట్టర్ స్పీడు

పోయిన రెండు పాఠాల్లో కెమెరా ఎట్టా పట్టుకోవాలో, బటన్ సగం నొక్కి ఫోకస్ ఎట్టా కుదుర్చుకోవాలో చూశాం. అది చేతికి ఇంకా అలవాటు కాకపోతే ముందు దాని మీదే ఇంకొన్నాళ్లు ఉండండి, తొందరేం లేదు, ఎందుకంటే ఈ పాఠంతో ఆటో మోడుని వదిలేస్తున్నాం.

ఎందుకు వదలాలంటే, మన ముందున్నది ఎంత వేగంగా కదుల్తా ఉందో ఆటో మోడు సరిగ్గా పట్టించుకోదు, అది ముఖ్యంగా చూసేది వెలుతురు సరిపోయిందా లేదా అనే. సాయంత్రం పూట నెల్లూరు దగ్గర మైపాడు బీచ్ లో పిల్లోడు అలల్లోంచి మన వైపు పరిగెత్తుకొస్తా ఉంటాడు, వెలుతురు తగ్గింది కదా అని కెమెరా షట్టర్ స్పీడు 1/60 (ఈ అంకె అర్థం కింద చెప్తా) పెట్టేస్తుంది, ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే వెనకాల ఒడ్డున పడవలు బానే ఉంటయ్ గానీ పిల్లోడి మొహం, కాళ్లు, చేతులు అన్నీ అలుక్కుపోయుంటయ్. అప్పుడు చాలామంది అనుకునేది ఏందంటే లెన్సు మంచిది కాదు, ఇంకోటి కొనాలి అని. కొనొద్దు. కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్సుతోనే ఆ ఫొటో స్పష్టంగా వస్తుంది, 1/60 తీసేసి 1/500 పెడితే చాలు. డబ్బు పెట్టే ముందు ఈ ఒక్క నంబర్ మీద పట్టు తెచ్చుకోండి, ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పేది ఇదే.

షట్టర్ అంటే సెన్సర్ (వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే పలక) ముందుండే తలుపు. పొలానికి నీళ్లు పెట్టేటప్పుడు తూము ఎంత ఎత్తాం అనేది ఒక లెక్క, ఎంతసేపు ఎత్తి ఉంచాం అనేది ఇంకో లెక్క, ఈ రెండిటిని బట్టే మడిలోకి వచ్చే నీళ్లు. కెమెరాలో నీళ్ల బదులు వెలుతురు. ఎంత ఎత్తాం అనేది అపర్చర్, అది వచ్చే పాఠం. ఎంతసేపు అనేది షట్టర్ స్పీడు. 1/250 అంటే సెకండులో 250వ వంతు సేపు తలుపు తెరుచుకుని మూసుకుంది అని. 1/125 పెడితే దానికి రెట్టింపు సేపు, అంటే రెట్టింపు వెలుతురు. 1/500 పెడితే సగం. 1/1000, 1/500, 1/250, 1/125, 1/60, 1/30 ఈ వరస నోటికి రావాలి, ఒక్కో మెట్టు దిగేకొద్దీ వెలుతురు రెట్టింపు అవుతా పోతుంది, ఎక్కేకొద్దీ సగం అవుతా పోతుంది. మధ్యలో 1/200, 1/160 లాంటివి కూడా కనపడతయ్, అవి చిన్న మెట్లు, కంగారు పడబాకండి.

ఇంక కెమెరా చేతిలోకి తీసుకోండి. పైన తిప్పే చక్రం ఉంది కదా, కేనన్ అయితే దాన్ని టీవీ అనే గుర్తు దగ్గరికి, నికాన్, సోనీ అయితే ఎస్ దగ్గరికి తిప్పండి. ఈ మోడులో స్పీడు మనం పెడతాం, అపర్చర్ కెమెరా చూసుకుంటది. మెనూలోకి పోయి ఐఎస్ఓని (వెలుతురు తక్కువైనప్పుడు ఫొటోని ఎంత వెలిగించాలో చెప్పే అంకె) ఆటోలో పెట్టి దాని పైహద్దు 3200 దగ్గర ఆపేయండి, మొదట్లో ఇది చాలు. వేలి దగ్గరున్న చిన్న చక్రం తిప్పితే స్పీడు మారతా ఉంటది. చాలా కెమెరాల్లో 1/250 అని పూర్తిగా చూపించకుండా ఉత్త 250 అని చూపిస్తుంది, అదే సెకండ్లలోకి పోతే అంకె పక్కన రెండు చిన్న గీతలు పెడుతుంది, 2 పక్కన ఆ గీతలు కనపడితే అది రెండు సెకండ్లు. ఈ తేడా తెలియక సెకండులో సగానికి, రెండు సెకండ్లకి మధ్య తికమక పడేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇంట్లోనే ఒకసారి చక్రాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి చూసుకోండి.

ఇంకో సంగతి, స్పీడు బాగా పెంచినప్పుడు అపర్చర్ నంబర్ మినుకుమినుకు అంటా ఉంటే వెలుతురు చాలట్లేదు అని కెమెరా మనకి చెప్తా ఉన్నట్టు. అయినా బటన్ నొక్కనిస్తుంది, ఫొటో నల్లగా వస్తుంది. కొన్ని కెమెరాల్లో మినుకుమనే బదులు లో (వెలుతురు చాలట్లేదు), హై (ఎక్కువైంది) అని చూపిస్తుంది. ఏది కనపడినా ఆగి, స్పీడు ఒక మెట్టు మార్చండి.

ఇప్పుడు అసలు విషయం. ఫొటో అలుక్కుపోవడంలో రెండు రకాలు ఉన్నయ్, ఏది ఏదో పోల్చుకోవడం వస్తే సగం పని అయిపోయినట్టే. నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం ముందు నిలబడి, వచ్చీపోయే జనంతో కలిపి ఒక ఫొటో తీశారనుకోండి. స్క్రీన్ మీద పెద్దది చేసి ముందు గోపురం మీది బొమ్మల్ని చూడండి. బొమ్మలు, జనం, కరెంటు స్తంభం అన్నీ ఒకే వైపుకి చెదిరి ఉంటే కదిలింది మన చెయ్యి. గోపురం గీత గీసినట్టు ఉండి మనుషులు మాత్రమే చెదిరితే కదిలింది వాళ్లు, మన చెయ్యి బానే ఉంది. (మూడోది, అన్నీ మెత్తగా ఉండి గోపురం ముందున్న నేలో ఇంకోటో స్పష్టంగా ఉంటే అది ఫోకస్ తప్పడం, అది పోయిన పాఠం, మళ్లీ అక్కడికి పోవాల్సిందే.)

చెయ్యి కదలడానికి మందు ఇది. లెన్సు ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఉందో చూసి, ఒకటి కింద ఆ అంకె వేసుకుంటే వచ్చే స్పీడు కంటే నెమ్మదిగా పోకూడదు. 55 మిల్లీమీటర్ల దగ్గర జూమ్ ఉంటే 1/60 అనుకుంటాం గానీ, మనం మొదట కొనే చాలా కెమెరాల్లో సెన్సర్ చిన్నది, నికాన్, సోనీ అయితే 1.5తో, కేనన్ అయితే 1.6తో హెచ్చవేయాలి. 55ని 1.5తో హెచ్చవేస్తే 80 దాటుతుంది, కాబట్టి 1/100 పెట్టుకుంటే నిశ్చింత. 200 దాకా పోయే లెన్సు అయితే 1/320. లెన్సులో చెయ్యి ఊగుడు తగ్గించే ఏర్పాటు ఉంటే ఇంకా కిందికి పోవచ్చు, కాకపోతే అది మన చేతిని మాత్రమే కాస్తుంది, ఎదురుగా పరిగెత్తే పిల్లోణ్ణి ఆపలేదు. దుకాణంలో ఈ రెండో మాట ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ నొక్కి చెప్తున్నా.

ఎదుటోళ్లు కదలడానికి మందు స్పీడే. ఎంత అంటే, కబుర్లు చెప్పుకుంటా కూర్చున్న వాళ్లకి 1/125 చాలు, నడిచేవాళ్లకి 1/250, పరిగెత్తే పిల్లలకి 1/500. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునే చేతులకి 1/250 పెట్టండి, నీళ్లు చిమ్మే చుక్కలు కూడా కావాలంటే 1/500కి పోండి, అయితే అక్కడ మొక్కుతో వచ్చినోళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే తీయండి. ఎగిరే పక్షులకి 1/1000 నుంచి మొదలుపెట్టాలి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు, అదే పెలికాన్లు, చలికాలంలో చెట్ల మీద గూళ్లు కట్టుకుంటయ్ కదా (2022లో ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనకి ఎప్పటికీ నెల్లూరు పక్షులే), అవి పెద్ద పక్షులు, రెక్క నిదానంగా వేస్తయ్, కొత్తగా నేర్చుకునే వాళ్లకి వాటికంటే మంచివి దొరకవు.

అన్నిటినీ ఆపేయడమే మంచి ఫొటో అని మాత్రం అనుకోబాకండి. ఒంగోలు వైపు బండలాగుడు పందేల్లో గిత్తల్ని 1/1000తో తీస్తే ప్రతి మట్టిబెడ్డా గాల్లో నిలబడిపోతుంది, చూడ్డానికి స్పష్టంగా ఉంటది గానీ గిత్తలు లాగుతున్నాయో నిలబడి ఉన్నాయో తెలియదు. అదే 1/125 పెట్టి, తల మీద ఫోకస్ ఉంచి తీస్తే మొహం దాదాపు నిలుస్తుంది, కాళ్లు, దుమ్ము, చెర్నాకోల కొంచెం చెదురుతయ్, ఆ చెదరడంలోనే అవి పెడుతున్న బలం కనపడుతుంది. ఎక్కువ ఫొటోలు పోతయ్, నిజమే. నాకు మాత్రం ఆ రెండో రకమే ఇష్టం, పోయినా సరే దానికోసమే ప్రయత్నం చేయమంటాను.

ఇంటి పని మొదలుపెడదాం. మొదటిది సీలింగ్ ఫ్యాన్. పగలు కిటికీలు తీసి ఫ్యాన్ వేసి, కింద పడుకుని 1/15, 1/60, 1/250, 1/1000 వరసగా తీయండి. మొదటి దాంట్లో రెక్కలు పొగలాగా, చివరి దాంట్లో దాదాపు ఆగిపోయినట్టు ఉంటయ్. అట్టాగే చివరి ఫొటోని పెద్దది చేసి చూడండి, ఇసక చల్లినట్టు గరుకు కనపడుతుంది, వెలుతురు చాలక కెమెరా ఐఎస్ఓ పెంచేసింది. స్పీడుకి మనం కట్టే ధర అది.

రెండోది బండి. సాయంత్రం ఎండ తగ్గాక నెల్లూరులో గాంధీబొమ్మ సెంటర్ లోనో ట్రంకు రోడ్డు మీదో ఫుట్ పాత్ మీద నిలబడి, 1/30 పెట్టి, మన ముందు నుంచి అడ్డంగా పోయే మోటార్ సైకిల్ ని కెమెరాతో వెంబడించండి. కాళ్లు కదపకుండా నడుము తిప్పాలి, బండి ఎదురుగా వచ్చినప్పుడు బటన్ నొక్కాలి, నొక్కిన తర్వాత కూడా తిప్పడం ఆపకూడదు, చాలామందికి చెడేది అక్కడే. కుదిరితే బండి నిలుస్తుంది, వెనకాల దుకాణాలన్నీ గీతలైపోతయ్. మిట్టమధ్యాహ్నం ఇది చేయబాకండి, ఐఎస్ఓ 100లో కూడా 1/30కి వెలుతురు జాస్తి అయి ఫొటో తెల్లబారుతుంది.

మూడోది సముద్రం. మన తీరంలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కాబట్టి తెల్లారక ముందే మైపాడు చేరుకోవాలి. ఐఎస్ఓని ఆటోలోంచి తీసి 100 పెట్టండి, స్పీడు పావు సెకండు పెట్టండి, అల వెనక్కి పోయేటప్పుడు తీస్తే నురుగు దారాలు లాగినట్టు వస్తుంది. పావు సెకండు చేత్తో పట్టుకోలేం. ట్రైపాడ్ ఉంటే కాళ్లు తడి ఇసకలోకి గట్టిగా గుచ్చండి, లేకపోతే ప్రతి అలకీ కొంచెం కొంచెం కుంగుతా పోతుంది. లేనోళ్లు ఒడ్డుకి లాగిపెట్టిన పడవ అంచు మీద, పడవ వాళ్లని అడిగి, కెమెరా ఆనించి, రెండు సెకండ్ల టైమర్ పెట్టుకుంటే వేలు నొక్కిన ఊపు కూడా తగలదు. బీచ్ లో లెన్సు మార్చొద్దు. ఇంటికి రాగానే కొంచెం తడి చేసి పిండిన మెత్తటి గుడ్డతో కెమెరా బయటి భాగాన్ని తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి, ఉప్పుగాలి మెటల్ ని తినేస్తుంది.

పెళ్లిళ్ల గురించి ఒక మాట, మీలో చాలామంది మొదట తీసేది చుట్టాల పెళ్లే కాబట్టి. కళ్యాణ మండపంలో ఎల్ఈడీ లైట్ల కింద 1/500 పెడితే ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకని లైట్లు సెకండుకి 100 సార్లు మినుకుతయ్, కంటికి తెలియదు గానీ సెన్సర్ కి తెలుస్తుంది. 1/100 కానీ 1/50 కానీ పెడితే చాలావరకు చారలు పోతయ్. చప్పుడు లేకుండా తీసే సైలెంట్ షట్టర్ ఆన్ లో ఉంటే ఆపేయండి, చారలు దాంట్లోనే ఎక్కువ.

తీసిన ప్రతి ఫొటో చూసేటప్పుడు డిస్ప్లే లేదా ఇన్ఫో బటన్ నొక్కితే ఏ స్పీడులో తీశామో కనపడుతుంది. బాగా వచ్చిన వాటివి, పోయిన వాటివి రెండూ ఒక నోట్ పుస్తకంలో రాసుకోండి, పక్కన గోపురం దగ్గర చెప్పుకున్నట్టు చెయ్యి కదిలిందా, మనిషి కదిలాడా అనేది కూడా రాయండి. నాలుగో పాఠంలో అపర్చర్ మొదలుపెట్టేటప్పుడు ఆ పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చోండి, అందులోని స్పీడులతోనే లెక్క మొదలుపెడతాం.