గోథమ్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటే: సూపర్‌హీరో నగరాల్లో సంసారపు లెక్క వేసే పద్ధతి

సూపర్‌హీరో కామిక్స్ ఇష్టంగా చదివేవారికీ, ఆ లోకాల ఆధారంగా సొంత కథలు రాసుకునేవారికీ ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేహం వస్తుంది. నెలకో వంతెన కూలే ఊళ్లో మామూలు మనిషి అద్దె ఎలా కడుతున్నాడు, పగిలిన కిటికీ ఎవరి డబ్బుతో బాగుచేయించుకుంటున్నాడు? దీనికి నమ్మదగిన జవాబు రాబట్టవచ్చు. అయితే బ్యాట్‌మన్‌గా తిరిగే కోటీశ్వరుడు బ్రూస్ వేన్ భవంతిని చూసి అతని ఊరైన గోథమ్ ఖర్చులు అంచనా వేయకూడదు. నెల జీతం మీద బతికే ఒక అద్దెదారుణ్ని ఎంచుకుని, అతని ఆదాయంతోనూ అతను ఉండే పేటతోనూ లెక్క మొదలుపెట్టాలి.

మొట్టమొదట తేల్చుకోవలసింది ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉందన్నది. అమెరికాలో ఇంటి ఖర్చును రాష్ట్రపు పన్నులు, అద్దె చట్టాలు చాలావరకు నిర్ణయిస్తాయి. ఈ కథలు వేసే డీసీ కామిక్స్ సంస్థ ప్రచురణలు కొన్నిటిలో గోథమ్ న్యూజెర్సీలో, సూపర్‌మ్యాన్ ఉండే మెట్రోపోలిస్ డెలావేర్‌లో ఉన్నట్టు చూపారు. రచయితలందరూ దీన్ని పాటించకపోయినా, లెక్కకు ఇంతకంటే మంచి ఆధారం లేదు. ఈ ఒక్క విషయం పెట్టుకుంటే రెండు ఊళ్ల మధ్య తేడా స్పష్టంగా కనబడుతుంది. న్యూజెర్సీలో ఆస్తి పన్ను దేశంలోనే అత్యధిక స్థాయిలో, ఇంటి విలువలో ఏటా దాదాపు 2 శాతం ఉంటుంది; డెలావేర్‌లో అది ఒక శాతం కంటే బాగా తక్కువ. పన్ను కట్టేది ఇంటి యజమానే అయినా ఆ భారం అద్దెలో కలిసి వస్తుంది కనుక, గోథమ్ అద్దెదారు తనకు తెలియకుండానే దాన్ని మోస్తాడు. అమ్మకపు పన్ను న్యూజెర్సీలో 6.625 శాతం, డెలావేర్‌లో అసలు లేదు. 800 డాలర్ల వాషింగ్ మెషీన్ కొంటే గోథమ్‌వాసికి 53 డాలర్లు అదనం. మధ్యనున్న అఖాతం దాటి వెళ్లి మెట్రోపోలిస్‌లో కొనుక్కొస్తే మిగులుతుందని అనిపిస్తుంది గానీ, బయట రాష్ట్రంలో కొని తెచ్చిన వస్తువు మీద వినియోగపు పన్ను కట్టాలని న్యూజెర్సీ చట్టం చెబుతుంది.

రాష్ట్రం తేలాక జీతం దగ్గరికి రావాలి. మెట్రోపోలిస్‌లో రిపోర్టర్‌గా పనిచేసే క్లార్క్ కెంట్‌నే, అంటే ముసుగు లేని సూపర్‌మ్యాన్‌నే తీసుకుందాం. చాలా కథల్లో అతని చిరునామా 344 క్లింటన్ స్ట్రీట్‌లోని ఒక అపార్ట్‌మెంట్. అమెరికాలో రిపోర్టర్ వార్షిక జీతం ఈ మధ్య 60,000 డాలర్లకు కాస్త అటూ ఇటూ ఉంటోంది, అంటే నెలకు 5,000. ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికి పోతే దాన్ని భారంగానూ, 50 శాతం దాటితే తీవ్ర భారంగానూ అక్కడి ప్రభుత్వ గృహ విభాగం లెక్కిస్తుంది. కాబట్టి క్లార్క్ భరించగల అద్దె 1,500 డాలర్లు. న్యూయార్క్ ఇంటి యజమానులు సాధారణంగా అడిగే షరతు, అంటే వార్షికాదాయం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలన్నది, లెక్కవేసి చూస్తే సరిగ్గా ఈ 30 శాతమే. కానీ ఈ కొలతలన్నీ పన్నులకు ముందరి జీతానికి వర్తిస్తాయి. పన్నులు పోగా క్లార్క్ చేతికి వచ్చేది సుమారు 4,000 డాలర్లే, అందులో మూడో వంతుకు పైగా అద్దెకే పోతుంది. బడ్జెట్ వేసేటప్పుడు చేతికొచ్చే మొత్తాన్నే నమ్ముకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంట్లో దిగేరోజు కావలసిన డబ్బు విడిగా చూసుకోవాలి. డెలావేర్‌లో ఏడాది ఒప్పందానికి డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు, న్యూజెర్సీలో ఒకటిన్నర నెలల దాకా తీసుకోవచ్చు. అదే 1,500 డాలర్ల ఇంటికి మొదటి నెల అద్దెతో కలిపి మెట్రోపోలిస్‌లో 3,000, గోథమ్‌లో 3,750 సిద్ధంగా ఉండాలి.

డీసీకి పోటీ సంస్థ అయిన మార్వెల్ వీరులు చాలామంది నిజమైన న్యూయార్క్‌లోనే ఉంటారు కాబట్టి అక్కడ ఊహించవలసింది తక్కువ. మాన్‌హట్టన్‌లో కొత్తగా అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్ల మధ్యస్థ అద్దె 2022లోనే నెలకు 4,000 డాలర్లు దాటింది. 40 రెట్ల షరతు ప్రకారం దానికి 1,60,000 డాలర్ల వార్షికాదాయం చూపాలి. మాన్‌హట్టన్‌లోని హెల్స్ కిచెన్ పేటలో పేద కక్షిదారుల కేసులు వాదించే మ్యాట్ మర్డాక్‌కు, అంటే డేర్‌డెవిల్‌కు, అది సులభం కాదు. అతను అక్కడే ఉన్నాడని రాయదలచినవారు 1974కు ముందు కట్టిన, ఆరు లేదా అంతకు మించి వాటాలున్న భవనం ఎంచుకోవాలి. అటువంటి చాలా భవనాల్లో అద్దె ఏటా ఎంత పెంచవచ్చో నగరపు అద్దెల మండలి నిర్ణయిస్తుంది.

అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసింది బీమా. ఊరి ప్రత్యేకత డబ్బు రూపంలో బయటపడేది ఇక్కడే. భవనం మీద యజమానికున్న బీమా అద్దెదారు సామాన్లకు వర్తించదు. తన మంచం, టీవీ, పుస్తకాలకు అతను వేరే పాలసీ తీసుకోవాలి. ఆ పాలసీలో ఏయే కారణాల వల్ల జరిగిన నష్టానికి పరిహారం వస్తుందో జాబితా ఉంటుంది. అగ్ని, పేలుడు, అల్లర్లు, వాహనాలు, విమానాలు, దొంగతనం, పైనుంచి పడే వస్తువులు అందులో ఉంటాయి. భూకంపం, వరద, యుద్ధం, అణు ప్రమాదం, ప్రభుత్వ చర్య ఉండవు. కాబట్టి కథలో నష్టం ఎంతన్నదానికంటే ఎలా జరిగిందన్నది ముందు రాసుకోవాలి. విలన్ విసిరిన కారు గోడను ఢీకొంటే పరిహారం అడగడానికి ఆధారం దొరుకుతుంది. అదే విలన్ నేలను కంపింపజేసి ఇల్లు కూల్చితే, విడిగా భూకంప బీమా లేనివారికి ఏమీ రాకపోవచ్చు. 1998 నాటి బ్యాట్‌మన్ కథల్లో గోథమ్‌ను నేలమట్టం చేసింది భూకంపమే, ఆపైన 1999లో ప్రభుత్వం ఆ నగరాన్ని దేశం నుంచి వెలివేసింది. ఈ రెండు కారణాలూ మామూలు పాలసీలో మినహాయింపులే. ఆ కథను మళ్లీ చదివినప్పుడల్లా, ఇల్లు పోయినా బ్యాంకు వాయిదా మాత్రం మిగిలిపోయిన కుటుంబాలే నా కళ్లముందు కదులుతాయి.

పాలసీలో పైనుంచి పడే వస్తువుల గురించిన వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి. పడిన వస్తువు ముందుగా పైకప్పునో బయటి గోడనో దెబ్బతీస్తేనే లోపలి సామాన్ల నష్టానికి పరిహారం వస్తుంది. ఎగిరొచ్చిన శిల పైకప్పు చీల్చుకుని వంటగదిలో పడితే ఫ్రిజ్‌కు డబ్బు వస్తుంది. తెరిచిన కిటికీలోంచి దూసుకొచ్చి అదే ఫ్రిజ్‌ను పగలగొడితే ఈ వాక్యం కింద రాదు. అలాగే పక్క భవనం దెబ్బతిని పోలీసులు వీధి మూసేస్తే, నష్టానికి కారణం జాబితాలో ఉన్నదైన పక్షంలో బయట ఉండే ఖర్చు సాధారణంగా రెండు వారాల వరకే ఇస్తారు. మూడో వారం నుంచి హోటల్ గది ఖర్చు సొంత పొదుపులోంచి పెట్టుకోవాలి. మార్వెల్ కథల్లో 1980ల చివర నుంచి డ్యామేజ్ కంట్రోల్ అనే సంస్థ శిథిలాలు తొలగించి భవనాలు బాగుచేస్తుంది గానీ, దాన్ని నమ్ముకుని ఇంటి బడ్జెట్ వేయరాదు.

ఇక ఆదాయానికి రుజువు. 1963లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ మొదటి సంచికలో అద్దె కట్టే దారిలేక, ఆ వీరుడి అసలు రూపమైన పీటర్ పార్కర్‌ను పెంచిన మే పిన్ని తన నగలు తాకట్టు పెడుతుంది. పీటర్ పార్కర్ ప్రదర్శన ఇచ్చి చెక్కు సంపాదిస్తాడు, కానీ అది స్పైడర్‌మ్యాన్ పేరున ఉంది. గుర్తింపు కాగితం లేనిదే బ్యాంకు గుమస్తా డబ్బు ఇవ్వడు. ముసుగు పేరుతో వచ్చిన సంపాదన ఇంటి యజమానికి చూపడానికీ పనికిరాదు. మీ పాత్ర పద్దులో అసలు పేరున కాగితం ఉన్న ఆదాయాన్నే రాయాలి. పీటర్‌లా ఫోటోకింత అని తీసుకునేవారికి మరో చిక్కుంది. నేటి నిబంధనల ప్రకారం జీతగాడి తరఫున సంస్థ కట్టే సామాజిక భద్రత, వృద్ధుల వైద్య పథకం వాటా కూడా వీరే కట్టుకోవాలి, రెండు వాటాలూ కలిపి నికరాదాయం మీద 15.3 శాతం దాకా ఉంటుంది. అందువల్ల ప్రతి చెక్కులోనూ నాలుగో వంతు పన్నుల కోసం పక్కన తీసిపెట్టి మిగిలినదే ఆదాయమనుకోవడం క్షేమం. పాత కథల అంకెలు వాడేవారు 1963 నాటి డాలర్ నేటి 10 డాలర్లకు దగ్గరని గుర్తుంచుకోవాలి.

చివరగా, ఇంట్లోని ప్రతి గదినీ, ప్రతి విలువైన వస్తువునూ ఫోటో తీసి, రసీదులతో సహా ఒక ప్రతిని ఆ ఇంట్లో కాక మరో పేటలో ఉండే బంధువు దగ్గర ఉంచాలి. పైకప్పు కూలిన మర్నాడు బీమా మనిషి మొదట అడిగేది ఆ జాబితానే.