హైస్కూలు విద్యార్థులకు వర్గం, అసమానతల గురించి మార్క్స్ ఆలోచనతో పాఠం ఎలా చెప్పాలి?

తొమ్మిది, పది తరగతుల సాంఘికశాస్త్రంలో పారిశ్రామిక విప్లవం వస్తుంది, రష్యా విప్లవం వస్తుంది, గ్రామంలో భూమి ఎవరికెంత ఉందో చెప్పే పాఠమూ వస్తుంది. అయితే ఈ మూడింటినీ కలిపే ప్రశ్న విద్యార్థి చెవిన పడకుండానే సంవత్సరం గడిచిపోతుంది. ఒక వస్తువు తయారు కావడానికి కావలసిన సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయి, పని ఎవరు చేస్తున్నారు, అమ్మగా వచ్చిన డబ్బులో ఎవరి వాటా ఎంతో ఎవరు నిర్ణయిస్తున్నారు అన్నదే ఆ ప్రశ్న. కార్ల్ మార్క్స్ (1818–1883) తన జీవితంలో ఎక్కువ భాగాన్ని దీనికే వెచ్చించారు. ఆయన ఇచ్చిన సమాధానాలను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ ప్రశ్నను ఎలా అడగాలో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు నేర్చుకోగలరు. ఆరేడు పీరియడ్లలో ఆ పని చేయించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

1. వర్గం అంటే ఏమిటో ముందుగా మీరు తేల్చుకోండి

చాలామంది వర్గాన్ని ఆదాయపు మెట్లుగా చెబుతారు: పేద, మధ్యతరగతి, ధనిక. మార్క్స్ లెక్కలో వర్గాన్ని నిర్ణయించేది చేతికొచ్చే డబ్బు కాదు. భూమి, యంత్రాలు, ముడిసరుకు వంటి ఉత్పత్తి సాధనాలతో మనిషికి ఉన్న సంబంధం. రెండెకరాల సొంత పొలం సాగు చేసుకునే రైతు, నెలజీతం తీసుకునే ఫ్యాక్టరీ కార్మికుడి కన్నా తక్కువ సంపాదించవచ్చు. అయినా ఇద్దరి స్థానాలు వేరు: ఒకరు తన సాధనాలతో తానే పనిచేసుకుంటారు, మరొకరు తన శ్రమశక్తిని జీతానికి అమ్ముకుంటారు. ఈ తేడా ఉపాధ్యాయుడికే అస్పష్టంగా ఉంటే పాఠం కాస్తా 'డబ్బున్నవాళ్లు చెడ్డవాళ్లు, లేనివాళ్లు మంచివాళ్లు' అనే నీతికథ అయిపోతుంది. ఆ కథ మార్క్స్ చెప్పలేదు. 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటం ముందుమాటలోనే, పెట్టుబడిదారును ఒక వ్యక్తిగా నిందించడం తన ఉద్దేశం కాదనీ, ఆర్థిక సంబంధాలకు ప్రతినిధిగా మాత్రమే అతన్ని చూస్తున్నాననీ ఆయన స్పష్టం చేశారు.

తెలుగులో చదివి సిద్ధపడాలనుకునేవారికి రంగనాయకమ్మ రాసిన 'పిల్లల కోసం ఆర్థిక శాస్త్రం' ఉపయోగపడుతుంది. అది మార్క్స్ పక్షాన నిలబడి రాసిన పుస్తకమని గుర్తుంచుకుని చదవాలి. ఇక 'బడిలో రాజకీయాలా?' అని ప్రధానోపాధ్యాయుడో తల్లిదండ్రులో అడిగితే రాజ్యాంగం 39వ అధికరణాన్ని చూపించండి. భౌతిక వనరుల యాజమాన్యం, నియంత్రణ ఉమ్మడి మేలుకు తోడ్పడేలా పంపిణీ కావాలని, సంపద, ఉత్పత్తి సాధనాలు ప్రజలకు నష్టం కలిగేలా కొద్దిచోట్లే పోగుపడకూడదని ఆ ఆదేశిక సూత్రం చెబుతుంది. ఆ వాక్యం అర్థం కావాలన్నా పిల్లలకు ఉత్పత్తి సాధనాలంటే ఏమిటో తెలియాలి కదా.

2. పిల్లల ఇళ్లను ఉదాహరణగా వాడకండి

ఇది చిన్న సూచనే గానీ తప్పనిసరిగా పాటించవలసింది. 'మీ నాన్న ఏం చేస్తారు, ఎంత సంపాదిస్తారు, మీకు పొలం ఉందా' అని తరగతిలో అడగడం, ఆదాయాన్ని బట్టి పిల్లలను వరుసల్లో నిలబెట్టడం వంటివి చేయవద్దు. అసమానత గురించి నేర్పబోయి దాన్ని తరగతి గదిలోనే ప్రదర్శనకు పెట్టినట్టవుతుంది. తమ ఇంటి సంగతి తామే చెప్పదలచుకున్న పిల్లలను ఆపవద్దు; వారిని చూపించి మరొకరిని మాత్రం అడగవద్దు.

3. ఒంటిమీది బట్టతో మొదలుపెట్టండి

మార్క్స్ పేరు, ఫొటో, పుట్టిన తేదీ మొదటి పీరియడ్‌లో వద్దు. ఒక వస్తువును తీసుకోండి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో అందుకు యూనిఫాం చొక్కాను మించినది దొరకదు, ఎందుకంటే ఆ బట్ట ఆర్డర్లు సిరిసిల్ల మరమగ్గాలకు వెళుతూ వచ్చాయి. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరల ఆర్డర్లు కూడా అక్కడికి వెళ్లడంతో ఆ ఊరి పేరు చాలామంది పిల్లలకు తెలిసే ఉంటుంది.

సిరిసిల్ల మంచి ఉదాహరణ కావడానికి అసలు కారణం వేరే ఉంది. అక్కడ స్థూలంగా మూడు రకాల మనుషులు కనిపిస్తారు. నూలు కొని బీములు (పడుగు నూలు చుట్టిన దూలాలు) పట్టించి పంచే యజమాని ఒకరు. సొంతంగా కొన్ని సాంచెలు (మరమగ్గాలు) పెట్టుకుని, యజమాని ఇచ్చిన నూలుతో బట్ట నేయించి, మీటరుకింత అని తీసుకుని అప్పగించే ఆసామి ఇంకొకరు. సాంచెల దగ్గర నిలబడి నేసి, నేసినంత బట్టకే కూలి తీసుకునే కార్మికుడు మూడోవారు. ముగ్గురినీ బోర్డు మీద రాసి, ఒక్కొక్కరి ఎదుట మూడు ప్రశ్నలు పెట్టండి: ఇతని సొంతం ఏమిటి? ఇతను ఏం అమ్ముతున్నాడు? ఆర్డరు ఆగిపోతే ఇతను ఎన్నాళ్లు నిలబడగలడు?

యజమాని, కార్మికుల గడులు తొందరగానే నిండుతాయి. ఆసామి దగ్గరే తరగతి రెండుగా చీలుతుంది. యంత్రం అతనిదే, నూలు అతనిది కాదు. కింద కూలి ఇస్తాడు, పైనుంచి కూలి లాంటిదే పుచ్చుకుంటాడు. పని ఒత్తిడి ఉన్నప్పుడు తానూ సాంచె దగ్గర నిలబడతాడు. సమాజం రెండే వర్గాలుగా ఉంటుందని పుస్తకం చూసి అప్పజెప్పే అలవాటు ఇక్కడే వదులుతుంది. మార్క్స్ కూడా ఈ మధ్యస్థాయి వారిని గుర్తించి పెటీ బూర్జువా (చిన్న ఆస్తిపరులు) అన్నారనీ, పెద్ద పెట్టుబడి పోటీకి నిలవలేక వారిలో ఎక్కువమంది కార్మికులుగా మారిపోతారని ఊహించారనీ చివర్లో చెప్పండి. ఆ ఊహ ఎంతవరకు నిజమైందో పిల్లలనే వెతకనివ్వండి.

గోదావరి జిల్లాల బడిలో అయితే ఇదే అభ్యాసాన్ని కౌలు సేద్యంతో చేయించవచ్చు: భూమి ఒకరిది, పెట్టుబడి, కష్టం కౌలు రైతువి, నాట్లు, కోతలు కూలీలవి, పంట నష్టపోయినా కౌలు బస్తాలు మాత్రం కొలవాల్సిందే. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు, తునికాకు, తంబాకు ఉండనే ఉన్నాయి. మీ ఊరికి దగ్గరగా ఉన్న పనిని ఎంచుకోండి, మూడు ప్రశ్నలను మాత్రం మార్చవద్దు.

4. అదనపు విలువను లెక్క చేసి చూపించండి

ఈ మెట్టుకు రెండు పీరియడ్లు కేటాయించండి. పాఠం మొత్తానికి ఇదే గుండెకాయ. అంకెలు ఊహించినవని ముందే చెప్పి ఇలా రాయండి. ఒక కార్మికుడు పన్నెండు గంటల షిఫ్టులో నేసిన బట్ట విలువ 6,000 రూపాయలు అనుకుందాం. అందులో నూలు ఖర్చు 4,200, కరెంటు, యంత్రం అరుగుదల కలిపి 600. ఈ 4,800 పాత విలువే, బట్టలోకి మారి వచ్చిందంతే. మిగిలిన 1,200 ఆ రోజు పనివల్ల కొత్తగా చేరిన విలువ, అంటే గంటకు 100. కూలి 500 అయితే కార్మికుడు అయిదు గంటల్లోనే తన కూలిని తాను తయారుచేశాడు. తక్కిన ఏడు గంటల్లో తయారైన 700 రూపాయలను మార్క్స్ అదనపు విలువ అన్నారు. ఆసామి మిగులు, యజమాని లాభం, అప్పిచ్చినవారి వడ్డీ, షెడ్డు అద్దె అన్నీ ఈ 700 లోంచే పంచుకోవాలన్నది ఆయన వాదన.

ఇక్కడ ఎవరో ఒకరు 'పన్నెండు గంటలకూ కూలి ఇచ్చారు కదా సార్, ఏడు గంటలు ఊరికే చేశాడని ఎలా అంటాం?' అని తప్పక అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. జవాబు తెలంగాణ చరిత్రలోనే ఉంది. నిజాం పాలనలో దొరల కింద వెట్టిచాకిరీ చేసిన మనిషికి ఏ రోజు తన పొలంలో, ఏ రోజు దొర పొలంలో పనిచేశాడో కళ్లకు కట్టినట్టు తెలుసు. రెండో పనికి పైసా రాదు, అది అందరికీ తెలిసిన సంగతే. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు, ఐలమ్మ పాలకుర్తిలో తన పంట కోసం నిలబడినప్పుడు, దోపిడీ ఎక్కడుందో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని రాలేదు. కూలి పనిలో మాత్రం ఆ గీత చెరిగిపోతుంది, మొత్తం రోజుకు డబ్బు ముట్టినట్టే ఉంటుంది. ఐరోపాలో అర్ధబానిస రైతులు భూస్వామికి చేసిన వంతుపనిని కూలిపనితో పోల్చి మార్క్స్ ఇదే మాట వివరించారు. వెట్టిని, కూలిని రెండు నిలువు గీతలుగా బోర్డు మీద గీసి, ఒకదానిలో రంగు మారే చోటు స్పష్టంగా ఉంచి, రెండోదానిలో మసకగా ఉంచితే పిల్లలు చప్పున పట్టుకుంటారు.

నేసినంతకే కూలి, చుట్టినన్ని బీడీలకే కూలి అనే పద్ధతి గురించి కూడా రెండు మాటలు చెప్పండి. ఎక్కువ చేస్తే ఎక్కువ వస్తుంది కాబట్టి ఇది న్యాయమైన పద్ధతి అని పిల్లలు అనుకుంటారు. ఈ పద్ధతిలో పనివాడిని కాపలా కాయవలసిన పని లేదని, తన వేగాన్ని, పనిగంటలను పనివాడే పెంచుకుంటాడని, అందరి వేగం పెరిగాక రేటు తగ్గించడం తేలికవుతుందని మార్క్స్ గమనించారు.

5. ఆ తర్వాతే మార్క్స్, ఎంగెల్స్, ఇంగ్లండ్

ఇప్పుడు చరిత్రలోకి వెళ్లవచ్చు. మార్క్స్ సహరచయిత ఫ్రెడరిక్ ఎంగెల్స్ (1820–1895) తండ్రికి మాంచెస్టర్ నూలు మిల్లులో వాటా ఉండేదని, కార్మికుల బతుకుల మీద 1845లో పుస్తకం అచ్చువేసిన ఆ కుర్రవాడు తర్వాత ఏళ్లతరబడి అదే సంస్థలో పనిచేస్తూ మార్క్స్ కుటుంబానికి డబ్బు పంపాడని చెబితే తరగతిలో నిద్రపోయేవారు కూడా లేచి కూర్చుంటారు. 1833 చట్టం ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లల పనిని నిషేధించి ఇన్‌స్పెక్టర్లను పెట్టింది. 1847 చట్టం స్త్రీలకు, పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజుకు పది గంటల పరిమితి తెచ్చింది. ఆ ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ల నివేదికలనే మార్క్స్ తన పుస్తకంలో పేజీలకు పేజీలు వాడుకున్నారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9, వారానికి 48 గంటల హద్దు పెట్టింది. పైన వేసిన లెక్కలో పన్నెండు గంటలను తొమ్మిది చేసి, కూలి మార్చకుండా, అదనపు విలువ ఎంతవుతుందో పిల్లలతో కట్టించండి. 700 కాస్తా 400 అవుతుంది. పనిగంటల మీద పోరాటం ఎందుకంత తీవ్రంగా జరిగిందో వేరే వివరణ అక్కర్లేదు.

వారిద్దరూ రాసిన 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళిక ఇప్పటిదాకా నడిచిన సమాజ చరిత్రంతా వర్గపోరాటాల చరిత్రేనన్న వాదనతో మొదలవుతుంది. నలభై ఏళ్ల తర్వాత, 1888 ఇంగ్లిషు ప్రతిలో, లిఖిత చరిత్ర వరకే ఆ మాట వర్తిస్తుందని ఎంగెల్స్ అధోజ్ఞాపిక చేర్చారు. కొత్త ఆధారాలు దొరికితే రాసినవారే దిద్దుకున్నారన్న సంగతి పిల్లలకు తప్పక తెలియాలి.

6. కులాన్ని, ఇంటిపనిని తెచ్చి సిద్ధాంతాన్ని పరీక్షించండి

మన తరగతిలో కులం ఊసెత్తకుండా వర్గం చెప్పడం సగం పాఠమే. అంబేడ్కర్ 1936లో, కులం పనుల విభజన మాత్రమే కాదని, పనిచేసేవారి మధ్య విభజన అని, అందులోనూ ఒకరిపై ఒకరు మెట్లుగా పేర్చిన విభజన అని వాదించారు. మురుగుకాలువలో దిగే కార్మికుడు, ఆఫీసులో అటెండరు ఒకే కూలి తీసుకున్నా ఇరుగుపొరుగు వారితో ఒకేలా మెలగగలరా అని అడగండి. ఉత్పత్తి సాధనాల ప్రశ్న ఒక్కటే అడిగితే దీనికి జవాబు రాదు. హోదాను వర్గం నుంచి వేరుగా చూడాలన్న జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ వాదన ఇక్కడ అక్కరకొస్తుంది. అలాగే చేనేత ఇంట్లో కండెలు చుట్టే స్త్రీకి విడిగా కూలి ఉండదు. ఆమె శ్రమ పైన వేసిన లెక్కలో ఏ గడిలో రాయాలో తరగతిని తేల్చమనండి. తేలకపోతే తేలలేదనే రాసుకోమనండి.

7. ఎదురువాదాన్ని బలంగా వినిపించండి

యజమాని నష్టభయం, పర్యవేక్షణ, డబ్బు ముందుగా పెట్టి ఆగడం — వీటికి ప్రతిఫలం వద్దా? వస్తువు విలువను శ్రమే నిర్ణయిస్తుందా, కొనేవారి అవసరం నిర్ణయించదా? 1870ల నుంచి జెవన్స్, మెంగర్, వాల్రాస్ వంటి ఆర్థికవేత్తలు రెండో వైపు నిలిచారు, నేటి విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా బోధించేది ఆ ధోరణినే. తరగతిని రెండు జట్లు చేసి, మార్క్స్‌ను ఇష్టపడే పిల్లలకు ఎదుటి పక్షం ఇవ్వండి.

మార్క్స్ పేరుతో నడిచిన రాజ్యాల చరిత్రను దాచకూడదు. సోవియట్ యూనియన్‌లో బలవంతపు సమష్టి వ్యవసాయం తర్వాత 1932–33లో వచ్చిన కరువులో లక్షలమంది, చైనాలో 1959–61 కరువులో కోట్లమంది చనిపోయారు. 1957లో కేరళలో ఎన్నికల ద్వారానే గెలిచిన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వం భూసంస్కరణలు, విద్యా చట్టం చేపట్టి 1959లో కేంద్రం చేత రద్దయింది. అదే సిద్ధాంతం పేరుతో ఇంత వేరైన ఫలితాలు ఎందుకు వచ్చాయన్నది చర్చకు పెట్టండి. మీ సొంత అభిప్రాయం అడిగితే చెప్పండి, అయితే చర్చ ముగిశాక చెప్పండి.

8. మూల్యాంకనం

'మార్క్స్‌తో ఏకీభవిస్తావా?' అన్న ప్రశ్న ఇవ్వవద్దు. పిల్లలు మీ ముఖం చూసి జవాబు రాస్తారు. పాఠంలో రాని సందర్భం ఇవ్వండి. ఇంటికి భోజనం తెచ్చే డెలివరీ కార్మికుడిది బైకు, ఫోను, పెట్రోలు. ఆర్డరు ఎవరికి వెళ్లాలో, రేటు ఎంతో తేల్చే యాప్ కంపెనీది. ఇతను సొంత వ్యాపారా, కార్మికుడా, సిరిసిల్ల ఆసామి లాంటివాడా? రెండు పేజీల్లో రాయమనండి. పది మార్కుల్లో, సాధనాలను, వాటి యాజమాన్యాన్ని సరిగ్గా గుర్తించినందుకు నాలుగు, అదనపు విలువ లెక్కను ఈ సందర్భానికి వర్తింపజేసినందుకు మూడు, తన వాదనకు వచ్చే ఒక అభ్యంతరాన్ని తానే ఎత్తి జవాబు చెప్పినందుకు మూడు ఇవ్వండి. ఏ నిర్ణయానికి వచ్చారన్నదానికి మార్కులు ఉండవని ప్రశ్నపత్రం మీదే రాయండి.